కాలవలో నడిచిన బాతులు

జూలై 2, 1963, మంగళవారం

ఇవాళ పొద్దున బాతులు కాలవలో ఈదడం లేదు, నడుస్తున్నాయి. అమ్మ పెంచే బాతులే. బురదలో ఒక్కొక్క కాలే తీసి వేస్తూ, మధ్యలో ఆగి, ఇది మన కాలవేనా అన్నట్టు అటూ ఇటూ చూసుకుంటున్నాయి.

నిన్న మధ్యాహ్నం సినిమావాళ్ళు ఊరికి ఎగువన కాలవకి అడ్డంగా మట్టికట్ట వేయించారు. చోటు నాన్నే చూపించారు, ఆయనకి కాలవ మలుపులన్నీ తెలుసు. వాళ్ళ కథలో పాతకాలం జమీందారు పాషా రైతుల నీళ్ళు ఆపేస్తాడు. అందుకని కాలవ ఎండాలి, అడుగు నెర్రెలు బారాలి. సహకార సంఘం సూపర్వైజర్ గలాల్ అనుమతి ఇచ్చాడు. కైరో నుంచి ఫోన్ వచ్చిందట. కైరో నుంచి ఫోన్ వస్తే గలాల్ నైలు నదినయినా కట్టేస్తాడు.

డైరెక్టర్ వహీద్‌గారు మా మేడమీది గదిలో దిగారు. రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది.

"ఎన్నాళ్ళు బాబూ, కాలవ ఇలా?"

"నాలుగైదు రోజులమ్మా. నేల కాస్త పగిలితే చాలు. ఈ సినిమా మీ రైతుల కోసమే తీస్తున్నాం. వాళ్ళ కష్టం దేశమంతా చూడాలి."

నాన్న తల ఊపి ఆయన గ్లాసులో మళ్ళీ నిమ్మనీళ్ళు పోశారు. మరి మొక్కజొన్న సంగతి అని అడుగుదామనుకున్నాను. రొట్టె ముక్కని చిన్న ముక్కలుగా, ఆ ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాను.

హీరోయిన్‌కి పల్లెటూరి మాట నేర్పే పని నాకు అప్పగించారు. కాన్వెంట్‌లో చదివిన పిల్ల, ఊళ్ళో పెరిగిన పిల్ల, ఇద్దరూ నీలోనే ఉన్నారు కదా అన్నారు. నాన్నకి గర్వంగా ఉంది.

జూలై 3, బుధవారం

హీరోయిన్ పేరు నజ్లా. అంత చెడ్డ మనిషి కాదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. నేను చూడలేను.

"పల్లెటూరి ఆడది పాషాతో ఎలా మాట్లాడుతుంది?" అని అడిగింది.

"మాట్లాడదు" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. నేను హాస్యమాడాననుకుంది.

బుధవారం మా ఇంట్లో రొట్టెల రోజు. సిత్తుహుమ్ వచ్చింది. నేను పాకే రోజుల నుంచీ మా పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చేది ఆమే. భర్త మర్జూక్ పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. సర్కారు పాషా భూమి పంచినప్పుడు కాలవ చివర వాళ్ళకి రెండు ఎకరాలొచ్చాయి. ఇప్పుడు ఒక్కతే చేసుకుంటోంది. ఇవాళ కొత్త నల్లగౌను వేసుకుని వచ్చింది, మడతలు ఇంకా విప్పుకోలేదు.

"పెళ్ళికూతురిలా ఉన్నాను కదూ, పుస్తకాల పిల్లా?"

"ఎక్కడిది?"

"సినిమావాళ్ళిచ్చారు. నా పాతది వాళ్ళ హీరోయిన్‌కని పట్టుకుపోయారు. కొత్తది చింపి, మట్టి పూసి చూశారట, కుదరలేదంట. భుజం దగ్గర చిరుగుంది చూడూ, అది అచ్చం అలాగే ఉండాలంట. నేను ఏడేళ్ళు కష్టపడి చింపుకున్న చిరుగు, ఆ పిల్లకి ఒక్కరోజులో ఎక్కడినుంచి వస్తుంది?"

పిండి ముద్దని చేతులమీద తిప్పుతూ తనలో తాను నవ్వుకుంది. తరవాత గొంతు తగ్గించింది.

"శనివారం నా నీటివంతు. ఆ లోపల కట్ట తీసేస్తారు కదా?"

"నాలుగైదు రోజులన్నారు."

"నాలుగా, అయిదా?"

నేను పిండి పళ్ళెం ఆమె ముందుకి జరిపాను.

"మొక్కజొన్న పీచు వేసింది. ఇప్పుడు ఈ ఒక్క తడి పడితే ఏడాది రొట్టె నాది. తప్పితే కంకి ఉంటుంది, గింజ ఉండదు. నువ్వు వాళ్ళకి దగ్గరగా ఉన్నావు, ఒక్క మాట చెవిన వెయ్యి తల్లీ."

వేస్తానన్నాను.

జూలై 4, గురువారం

డైరెక్టర్‌గారు ఎండ చాలడం లేదని విసుక్కుంటున్నారు. మా మిన్యా జిల్లాలో, జూలై ఎండల్లో.

మాట చెవిన వెయ్యలేదు. ఆయన ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటారు.

జూలై 5, శుక్రవారం

రేపు చావు సీను తీస్తారు. పాషా మనుషులు కొట్టి చంపిన రైతు చుట్టూ ఊరి ఆడవాళ్ళంతా శోకాలు పెట్టాలి. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. శవం లేకుండా ఏడిస్తే శవాన్ని పిలిచినట్టవుతుందన్నారు. కైరో నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఏడ్చి చూపించారు. పంటినొప్పి వచ్చినట్టుంది.

వహీద్‌గారు నావైపు తిరిగి, "నువ్వు చెబితే వింటారమ్మా" అన్నారు. నేను చెప్పలేదు. సిత్తుహుమ్ తనే ముందుకొచ్చింది.

"నేను మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. నాదొక్కటే షరతు. పొద్దున నేను ఏడుస్తాను. సాయంత్రం మీరు కట్ట తియ్యాలి. రేపు నా వంతు."

వహీద్‌గారు గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "నా మాట, తల్లీ."

"ఈ అమ్మాయిగారు సాక్షి" అని ఆమె నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళ మధ్య ఇంకా పిండి ఉంది.

జూలై 6, శనివారం

వరసగా రాస్తాను.

పొద్దున ఊరిపెద్ద షేక్ ఇమ్రాన్ ఇంటి ముందు మంచం వేసి, దానిమీద నటుణ్ణి పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దుప్పటి కింద ఆయన బొటనవేలు ఆడుతూనే ఉంది. ఆడవాళ్ళు ముసుగు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు. అప్పుడు సిత్తుహుమ్ నేలమీద కూర్చుని పిడికెడు మట్టి తీసి తలమీద పోసుకుంది.

"ఓ నా ఒంటే, బరువంతా మోసి మోకాళ్ళమీద కూలావా. ఓ నా ఇంటి దూలమా, నిన్ను విరిచిన చెయ్యి ఎవరిది. నీళ్ళడిగావు, నీ నోట మట్టి పోశారు."

నవ్వులు ఆగిపోయాయి. రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆమె మర్జూక్ పేరు పెట్టి పిలిచింది. రెండేళ్ళకిందట మర్జూక్ కాలవ పూడిక తీస్తుంటే గట్టు విరిగి మీద పడింది. ఆ పేరు వినగానే ముసలివాళ్ళు, పిల్లతల్లులు, అందరూ అందుకున్నారు. ఎవరి చావుని వాళ్ళు తెచ్చుకున్నారు. వహీద్‌గారు కట్ అని అరిచారు. ఒక్కరూ ఆగలేదు. ఆయన కళ్ళు మెరిశాయి, కెమెరా ఆపొద్దని చేత్తో సైగ చేశారు.

మధ్యాహ్నానికి పళ్ళేలు రావడం మొదలైంది. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఊరు వండి పంపాలి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏడుపు వినబడింది, వండారు. పావురాలు, అన్నం, ములూఖియా ఆకుకూర, ఉల్లిపాయలు. చచ్చినవాడి పెళ్ళాం వేషంలో ఉన్న నజ్లా ముందు దించి, "దేవుడు నీకు ఓర్పునివ్వాలి" అన్నారు. ఆమె ఏం చెప్పాలో తెలియక నావైపు చూసింది. ఏమీ చెప్పక్కర్లేదన్నాను. శవం లేచి కూర్చుని ఒక పావురాన్ని పూర్తిగా తినేసింది.

"పాపం, ఆకలితోనే పోయినట్టున్నాడు" అంది ఎవరో. అంతా మళ్ళీ నవ్వారు. మా ఇంటి నుంచి కూడా అమ్మ ఒక పళ్ళెం పంపింది.

సాయంత్రం సిత్తుహుమ్ పార భుజాన వేసుకుని కట్ట దగ్గరికి వెళ్ళింది. సాక్షిని కాబట్టి నేనూ వెళ్ళాను. అప్పటికే అక్కడ గలాల్, షేక్ ఇమ్రాన్, ఊరి మగవాళ్ళు కొందరు ఉన్నారు. కావలి దక్రూరీ తుపాకీ పట్టుకుని కట్టమీద కూర్చున్నాడు.

"పార ఎందుకమ్మా?" అన్నాడు గలాల్. "ఊళ్ళో చావు కదా."

ఆమెకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఊళ్ళో ఏడుపు లేస్తే మూడురోజులు ఎవరూ పార ముట్టరు, ఎవరూ నీళ్ళు పారించుకోరు. ఆ మూడురోజుల్లో ఎవరి వంతు పడితే వాళ్ళది పోతుంది. మీ పెద్దల కట్టుబాటే. నేను పెట్టింది కాదు."

"చచ్చినవాడు మధ్యాహ్నం లేచి కూర్చుని పావురం తిన్నాడు సూపర్వైజర్‌గారూ."

మగవాళ్ళు నవ్వారు. షేక్ ఇమ్రాన్ చెయ్యెత్తి ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు ఇంకా కోపం తెప్పిస్తోంది.

"నవ్వకండి. ఏడుపు లేచిందా లేదా? పళ్ళేలు వెళ్ళాయా లేదా? ఏ ఇంటి నుంచి వెళ్ళలేదో చెప్పండి." కర్ర నేలకి ఆనించాడు. "ఉత్తుత్తిదని ఇవాళ దాటితే, రేపు నిజందాన్నీ దాటుతారు. ఊరు మొయ్యడానికి ఒప్పుకున్న దుఃఖం ఊరిదే."

"మొదలుపెట్టింది కూడా నువ్వే కదమ్మా" అన్నాడు గలాల్. చాలా మెత్తగా అన్నాడు.

ఈ గలాల్ పిల్లలకి తాయెత్తులు కడితే తెంపి పారేస్తాడు. సమాధుల దగ్గర దీపం పెట్టే ఆడవాళ్ళని వెనకబడిన జాతి అంటాడు. ఇవాళ సాయంత్రం ఆయనకి పెద్దల కట్టుబాటుమీద భక్తి పుట్టుకొచ్చింది.

వహీద్‌గారిని పిలిచారు. ఆయన అంతా విన్నారు, బాధగా తల ఊపారు.

"నేను మాట ఇచ్చిన మాట నిజమే. కానీ మీ ఆచారాన్ని కాదనడానికి బయటివాణ్ణి నేనెవర్ని?"

ఇంకో మూడురోజుల నెర్రెలు దొరికాయి ఆయనకి.

సిత్తుహుమ్ నావైపు చూసింది. సాక్షివైపు. నాకు మూడు భాషలు వచ్చు. ఒక్కదానిలోనూ ఒక్క మాట రాలేదు.

జూలై 7, ఆదివారం

చర్చిలో ప్రార్థన నుంచి వస్తూ నాన్నని అడిగాను, గలాల్‌తో మీరు మాట్లాడితే వింటాడు కదా అని.

"అది వాళ్ళ కట్టుబాటు. మనం వేలు పెడితే బాగుండదు. పైగా ఆయన మన అతిథి."

నాన్న మెత్తని మనిషి. అతిథిని నొప్పించలేరు. ఆయన మాత్రం ఏం చేయగలరు?

ఇవాళ నేల పగిలింది. వహీద్‌గారు మోకాళ్ళమీద కూర్చుని ఒక నెర్రెలో చెయ్యి దూర్చి చూసుకున్నారు. మణికట్టు దాకా దిగింది. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు.

జూలై 8, సోమవారం

ఊరంతా నిద్రపోయే మిట్టమధ్యాహ్నం సిత్తుహుమ్ కట్ట తెంపింది.

అరుపులు విని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి నీళ్ళు వచ్చేస్తున్నాయి. నెర్రెలు బుసబుసమని తాగుతున్నాయి. కెమెరా పట్టాలు, కొయ్య స్టాండ్లు, అన్నీ బురద. కైరో కుర్రాళ్ళు ప్యాంట్లు ఎత్తి పట్టుకుని గెంతుతున్నారు. ఆమె కట్టమీదే నిలబడి ఉంది. కొత్తగౌను నడుము దాకా తడిసింది.

దక్రూరీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పద వదినా. నన్ను తిట్టకు. నేను పట్టుకోకపోతే నన్ను పట్టుకుంటారు."

"నిన్నెందుకు తిడతాను? గట్టిగా పట్టుకోకు, చాలు. పార పట్టిన చెయ్యి, నొప్పిగా ఉంది."

ఊరి మధ్య నుంచి నడిపించుకుని వెళ్ళారు. తలుపుల దగ్గర అందరూ నిలబడి చూశారు. ఏడ్చినవాళ్ళే, పళ్ళేలు పంపినవాళ్ళే. "మూడురోజులు తీరకుండా పార పట్టింది" అంది ఒకావిడ. "కొత్తబట్టలు కూడా పెట్టారు పాపం వాళ్ళు" అంది ఇంకొకావిడ. వాళ్ళు శనివారం ఆమె గొంతుతోనే తమ చావుల్ని ఏడ్చుకున్నారు. ఇవాళ ఆమెకోసం ఒక్క గొంతు లేవలేదు.

నీళ్ళు ఆమె పొలం గట్టుదాకా వెళ్ళాయట. అక్కడికి చేరేసరికి పైన కట్ట మళ్ళీ వేసేశారు. శోకదినాల్లో పార ముట్టకూడదు కదా అని గలాల్‌ని ఎవరైనా అడిగారా? అడగలేదు. ఆరుగురు మనుషులు ఆరు పారలతో మట్టి వేశారు. అది సర్కారు పని, దానికి కట్టుబాటు లేదు.

కోపంతో పళ్ళు నొప్పెడుతున్నాయి. కాన్వెంట్ సిస్టర్లు కోపం పాపమనేవారు. ఇలాంటిది వాళ్ళు చూసి ఉండరు.

జూలై 10, బుధవారం

రొట్టెల రోజు. పొయ్యి వెలగలేదు. అమ్మ బజారు రొట్టె తెప్పించింది.

ఇవాళ తీసిన సీను: హీరోయిన్ పాషా కట్టని తెంపుతుంది.

అదే కట్ట. అదే చోటు. నజ్లా ఒంటిమీద సిత్తుహుమ్ పాతగౌను, భుజం దగ్గర అదే చిరుగు. షాట్‌కి ముందు నన్ను పక్కకి పిలిచింది.

"పార సరిగ్గా రావడం లేదు. ఆమె ఎలా పట్టుకుంది? నువ్వు చూశావు కదా."

చూపించాను. ఎడమచెయ్యి కిందకి, కుడిచెయ్యి పైకి, నడుము వంచి, మోకాలు కాదు. ఎందుకు చూపించానో తెలియదు. అడిగితే చెప్పడం అలవాటైపోయింది.

"మీరు అడగవచ్చు కదా" అన్నాను అప్పుడు. "ఆమెని వదలమని. మీరు అడిగితే వింటారు."

నజ్లా పార దించింది. "ఎక్కడ పెట్టారు?"

"మర్కజ్ ఠాణాలో, పట్నంలో."

"షాట్ అయ్యాక అడుగుతాను."

షాట్ ఒక్కసారికే కుదిరింది. మట్టి విరిగింది, నీళ్ళు దూకాయి, ఆమె తలెత్తి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు కూడా. గలాల్ అందరికంటే గట్టిగా కొట్టాడు, కళ్ళు తుడుచుకున్నాడు కూడా. పాషాల కాలంలో ఎంత అన్యాయం జరిగేదో చూడండి అన్నాడు పక్కవాళ్ళతో.

షేక్ ఇమ్రాన్ కొట్టలేదు. కర్రమీద గడ్డం ఆనించుకుని ఆ పారవైపే చూస్తున్నాడు.

షాట్ కోసం వదిలిన నీళ్ళు దిగువ వంపు దాకా కూడా పోలేదు. అక్కడ ఇంకో చిన్నకట్ట ముందే వేసి ఉంచారు, ఎండిన నేల తడవకుండా.

జూలై 11, గురువారం

అడగలేదు.

జూలై 13, శనివారం

సిత్తుహుమ్‌ని వదిలేశారు. ఎవరూ విడిపించలేదు. షూటింగ్ అయిపోయింది, ఇంక ఆమెని లోపల ఉంచాల్సిన పని లేదు, అంతే. మర్కజ్ నుంచి ఎండలో నడిచి వచ్చిందట. ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పొలానికి వెళ్ళింది.

నేను వెళదామని చెప్పులు వేసుకున్నాను. వాకిలి దాకా వెళ్ళాను.

జూలై 16, మంగళవారం

సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. వహీద్‌గారు అమ్మ చేతులు ముద్దుపెట్టుకున్నారు. నాకొక పుస్తకం ఇచ్చారు. ఇంకా విప్పలేదు. నాన్న వాళ్ళ కారులో ఒక బుట్ట నిమ్మకాయలు పెట్టించారు. గలాల్‌కి కూడా ఒక బుట్ట వెళ్ళింది.

కట్ట తీసేశారు. నీళ్ళు వచ్చాయి. బాతులు కాసేపు గట్టుమీదే నిలబడి చూశాయి.

ఇప్పుడు నడుస్తున్న వంతు మొదటి పొలాల వాళ్ళది. సిత్తుహుమ్ పొలం చివరిది.

జూలై 17, బుధవారం

రాలేదు.

జూలై 24, బుధవారం

రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. అమ్మ నేను వెళ్ళి చూసి రమ్మంది. రేపు వెళతాను.

ఆగస్టు 7, బుధవారం

వరదనీరు వచ్చింది. కాలవ గట్లదాకా ఎర్రగా పారుతోంది. బాతులు దానికి ఎదురీదుతున్నాయి.

సిత్తుహుమ్ వచ్చింది. కాస్త చిక్కింది. కొత్తగౌను అంచు దగ్గర బురద మరక పోలేదు. ఏమీ జరగనట్టే పిండి కలిపింది, పొయ్యి రాజేసింది. నేను ఎప్పటిలా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి వాయ తీసింది. అప్పుడు రొమ్ము దగ్గర నుంచి ఒక మొక్కజొన్న కంకి తీసి నా ఒళ్ళో పడేసింది.

"ఒలిచి చూడు."

ఒలిచాను. పైన పచ్చగా, నిండుగా ఉంది. లోపల గింజలు ఇక్కడొకటి, అక్కడొకటి. మిగతా అంతా తెల్లటి బెండు.

"షేక్ ఇమ్రాన్ పళ్ళూడిన నోరులా లేదూ?" అంది. నవ్వలేదు. "అన్నీ ఇంతే. గేదెకి వేస్తున్నాను. అది మాత్రం నన్ను మెచ్చుకుంటోంది."

"మరి రొట్టె?"

"ఇళ్ళల్లో కాలుస్తాను. ఇంటికి రెండు ఇస్తారు. శీతాకాలం దాకా పళ్ళు నమలడం మర్చిపోకుండా ఉంటే చాలు."

నేను కంకిని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాను. వహీద్‌గారు మోసం చేశారు, గలాల్ మోసం చేశాడు, ఊరు నోరు మూసుకుంది, ఇవన్నీ ఆమెతో చెప్పాలనిపించింది. ఈ పేజీల్లో రాసినవన్నీ. ఆమెకి తెలియనిది అందులో ఒక్కటి కూడా లేదు.

"సినిమా చివర్లో ఏమవుతుంది, పుస్తకాల పిల్లా? నువ్వు చదివావు కదా."

"పాషా పారిపోతాడు. నీళ్ళు వస్తాయి."

"ఎవరి పొలానికి?"

పొయ్యిలోకి చూస్తూ అడిగింది. మామూలుగానే అడిగింది. నేను జవాబు చెప్పేలోపు అమ్మ లోపలి నుంచి వచ్చి, రొట్టెలతోపాటు ఆమె ముసుగు కొంగులో నిమ్మకాయలు కూడా పోసింది, దోసిళ్ళతో, లెక్కపెట్టకుండా. ఈ ఏడు కాపు బాగా వచ్చిందని చెప్పింది. సిత్తుహుమ్ ఒక కాయ తీసుకుని వాసన చూసింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"బాగా నీరు పట్టాయమ్మా" అంది.

మా నిమ్మతోట కట్ట వేసిన చోటికి ఎగువన ఉంది. ఆ రోజుల్లో దానికి నీళ్ళు ఒక్కపూట కూడా ఆగలేదు.